అల్లుడితో కలిపి తూకం

మొదట్లో రాజనర్సు చేతిలో ఉన్నవి ఇవి: కోరుట్ల మార్కెట్ రోడ్డులో మక్కజొన్నలు, పసుపు కొనే దుకాణం ఒకటి, బస్తాలు తూచే కాంటా ఒకటి, ఊళ్ల మీద తిరిగి మూటలు మోసి మోసి వెనక స్ప్రింగులు కుంగిపోయిన పాత జెన్ కారు ఒకటి, ఇంట్లో భార్య భూదేవి, కూతురు శ్రీలత. ఇవి కాక, షార్జా నుంచి సెలవు మీద వచ్చి, మళ్లీ పోవడానికి కొత్త వీసా కూడా తెప్పించుకున్న అల్లుడు కుమార్.

ఈ చివరిదాన్ని వచ్చిన సరుకు కింద పట్టుకోవాలో, పోయే సరుకు కింద పట్టుకోవాలో రాజనర్సుకు తెలియలేదు. పెళ్లయిన ఐదేళ్లలో కుమార్ ఈ గడ్డ మీద ఉన్నది అంతా కలిపితే ఏడాది కూడా కాదు. అతన్ని విమానం ఎక్కించి వచ్చిన ప్రతిసారీ శ్రీలత కొన్నాళ్లు దుకాణంలో కూర్చుని, ఖాళీ గోనెసంచులను మడతపెట్టిందే మళ్లీ మళ్లీ మడతపెట్టేది. రాజనర్సు అది చూసీ చూడనట్టు బయటికి పోయి, లారీ డ్రైవర్ల మీద అరిచేవాడు.

కుమార్‌ది సిరిసిల్ల. తండ్రి ఆగయ్యకు నాలుగు సాంచాలున్నాయి. మరమగ్గాల చప్పుడులో పెరిగిన పిల్లవాడు మగ్గం పట్టక పాన పట్టాడు. షార్జాలో అతను పనిచేసే షెడ్డులో, మామూలుగా రోడ్డు మీద తిరిగే కార్లను విప్పి, సవరించి, చురుగ్గా పరిగెత్తేలా చేస్తారు. అదే పని ఇక్కడ దొరికితే ఉంటావా అని రాజనర్సు ఒకసారి అడిగితే, కుమార్ నవ్వి ఊరుకున్నాడు. ఇక్కడ ఎవరు అడుగుతారు అలాంటి పని?

అడిగేవాడు జగిత్యాలలో దొరికాడు. జెన్‌కు టైర్లు కొనడానికి మామా అల్లుళ్లు శ్రీలతను తీసుకుని పోయిన దుకాణంలో, సేటు వెనకవైపు కొత్త షెడ్డు కట్టి తాళం వేసి ఉంచాడు. కుర్రాళ్లు కార్లు తెచ్చి వేగం పెంచమంటున్నారనీ, తెలిసిన మనిషి దొరకడం లేదనీ అన్నాడు. ఊరి బయట ఒక కాలేజీ మైదానంలో, అనుమతి తీసుకుని, కోన్లు పెట్టి, ఒక్కో కారునూ గడియారంతో పరిగెత్తించే ఆట కూడా నడుపుతున్నాడట. కుమార్ పని గురించి విని అతణ్ని తేరిపార చూశాడు.

“ఇంజిన్ల పైసలు పోసి ఉరికిచ్చేటోళ్లు మస్తుమంది ఉన్నరు తమ్మీ. నువ్వు ఇంజిన్ ముట్టకు. గీ జెన్‌నే తీస్కో. ఇయ్యాల ఒక సుట్టు తిరిగి సూపియ్యి. దసరా ఎల్లినంక మళ్ల తిరుగు. మూడు సెకన్లు తగ్గితే షెడ్డు తాళంచెవి నీ చేతుల పెడ్త.”

ఆ సాయంత్రం మైదానంలో కుమార్ నడిపితే జెన్ ఒక చుట్టు తిరగడానికి యాభై నాలుగు సెకన్లు పట్టింది. తిరిగి వస్తుంటే శ్రీలత కారు నడుపుతోంది. రాజనర్సుకు డ్రైవింగ్ రాదు. బుగ్గారం, సారంగాపూర్ ఊళ్లకు మక్కల బేరానికి పోయినప్పుడల్లా కూతురే అతని డ్రైవరు. కుమార్ పక్క సీట్లో చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

“అయ్యేపని కాదు మామా. ఇంజిన్ ముట్టకుంట మూడు సెకన్లంటే మాటలా?”

“మూడు సెకన్లంటే ఎన్ని కిలోలు?” అన్నాడు వెనక నుంచి రాజనర్సు.

“సెకన్లకు కిలోలుంటయా?”

“దేనికైనా ఉంటయి. నువ్వు చెప్పు.”

కుమార్ నవ్వబోయి ఆగాడు. కాసేపు పొలాల వైపు చూస్తూ లెక్క వేసుకున్నాడు. “నూటిరవై నూటముప్పై తీస్తే రెండు సెకన్లు పోతయి. కడమ ఒక్కటి చక్రాలల్ల దొరకచ్చు.”

“ఇంకేంది మరి? కారు నాది. తియ్యి.”

మర్నాడు జెన్‌ను మక్కల లారీలు తూగే వేబ్రిడ్జి మీదికి ఎక్కించారు. కుమార్ స్టీరింగ్ దగ్గర కూర్చునే ఉన్నాడు. అతనితో కలిపి ఎనిమిది వందల ముప్పై కిలోలు. ఆ రోజు నుంచి రాజనర్సు దుకాణంలో సరుకు తూకం ఒక పక్క, జెన్ తూకం ఒక పక్క నడిచాయి.

మొదటి పేచీ భూదేవి పెట్టింది. “అత్తగారింటికి అచ్చిన అల్లుని చేతికి పాన ఇస్తవా? నలుగురు సూస్తే ఏమంటరు? కూసుండబెట్టి తినిపిచ్చెడిది పోయి, కారు కింద పండబెడ్తవా?”

“గది ఆయన పనే గదనే.”

“ఆయన పని షార్జల. గీడ ఆయన అల్లుడు.”

అల్లుడు కారు కింది నుంచి లేవడం లేదని తేలాక, జరిగిన అమర్యాదకు ఆమె తన పద్ధతిలో పరిహారం మొదలుపెట్టింది. పొద్దున సర్వపిండి, మధ్యాహ్నం కోడికూర, సాయంత్రం పొయ్యి మీది నుంచి నేరుగా వచ్చే గారెలు. ఆదివారమైతే మటన్. కుమార్ నూనె చేతులు చూపి వద్దంటే, శ్రీలత చేత ముద్దలు పెట్టించేది.

ఇక కారు. పైనున్న మూటల క్యారియర్, ముందరి ఇనుప గార్డు తీయడానికి అరపూట చాలింది. వెనక సీటు రెండు బోల్టులతో ఊడింది. అవసరమైనప్పుడు మళ్లీ బిగించుకోవచ్చు. స్పీకర్ల పెట్టె, జాకీ, స్టెప్నీ చక్రం. కింద పరిచిన చాపలు లేపితే, వాటి అడుగున రెండు కిలోల మక్కలు దొరికాయి. కొన్ని మొలకెత్తి ఉన్నాయి.

“బాపూ, కారుల వ్యవసాయం ఎప్పుడు మొదలువెట్టినవ్?” అంది శ్రీలత.

చాపల కింద చప్పుడు రాకుండా కంపెనీ అతికించిన తారు పలకలను ఆమే ఉలితో గీకి తీసింది. తీసిన ప్రతి వస్తువునూ రాజనర్సు స్వయంగా కాంటా మీద పెట్టి చూసేవాడు. ఏసీ సామాను తూకానికి వచ్చినప్పుడు మాత్రం అతని ముఖం కొంచెం వాడింది.

“అల్లుడా, మే నెలల నేనేం గావాలె?”

“అద్దం దించుకో మామా. గాలికి తూకం లేదు.”

రాజనర్సుకు ఒకసారి రుచి తగిలాక చెయ్యి ఆగలేదు. ఒకరోజు తలుపు మీద వేలితో కొట్టి చూశాడు. “గీ తలుపుల లోపల ఇనుప పట్టీ ఉన్నట్టుంది. నాలుగైదు కిలోలన్న ఉంటది. తీద్దామా?”

కుమార్ చేతిలో పని ఆపేశాడు. “గది ముట్టద్దు మామా. పక్కనుంచి ఎవడన్న గుద్దితే మనిషిని కాపాడేది గదే. తలుపు పట్టీ, బెల్టు, బ్రేకు, వీటి జోలికి పోవద్దు. ఓడిపోతే షార్జ పోత. గంతే గద.”

ఆ ‘గంతే గద’ రాజనర్సుకు నచ్చలేదు. తలుపు నెమ్మదిగా మూశాడు.

చక్రాల దగ్గర కుమార్ చెప్పిన లెక్క అతనికి కొత్తది. ఇనుప చక్రాలు తీసి, పాత సామాను బజారులో వెతికి తెచ్చిన అల్యూమినియం చక్రాలు వేస్తే తగ్గింది ఎనిమిది కిలోలే. ఇంత తిరుగుడు ఎనిమిది కిలోలకా అని రాజనర్సు గొణిగాడు.

“తిరుగలి రాయిని బండిల పెట్టి ఈడ్చుడు అలక, ఆగినదాన్ని జోరుగ తిప్పుడు కష్టం. అవునా కాదా? కూసున్న బరువు వేరు, తిరిగే బరువు వేరు. గీ ఎనిమిది గా ఇరవైతోటి సమానం.”

“మరి బజార్ల గిట్ల చెప్తే ఎవడన్న కొంటడా?” అన్నాడు కానీ, ఆ మాట అతనికి చాలా నచ్చింది. నాలుగు రోజులు దుకాణానికి వచ్చినవాళ్లందరికీ తిరుగలి లెక్క చెప్పాడు.

ముందరి సీట్ల కోసం సిరిసిల్ల పోయారు. కుమార్ సన్న గొట్టాలతో చట్రాలు వెల్డింగ్ చేసి పట్టుకుపోయాడు. పట్టెమంచానికి అల్లినట్టు వాటికి గట్టి నవారు అల్లాలి. బెల్టులు ఎలాగూ కారు ఇనుముకే బిగించి ఉంటాయి. ఆగయ్య సాంచాలు ఆపి, ఒళ్లో చట్రం పెట్టుకుని కూర్చున్నాడు.

“ఏం బావా, నా కొడుకును నీకు అల్లునిగ ఇస్తే, నువ్వు కూలోన్ని చేసినవట?” అన్నాడు నవారు బిగిస్తూ.

“కూలి ఇస్తే గద బావా కూలోడు. ఉట్టిగనే చేపిస్తున్న.”

“బేరగాని బుద్ధి పోనిచ్చుకున్నవ్ గాదు.”

“నీ సాంచ బుద్ధి పోయిందా మరి? గంట సంది లొడలొడ మాట్లాడుతనే ఉన్నవ్.”

కుమార్ టీ చెప్పడానికి బయటికి పోయాడు. ఆగయ్య వేళ్లు నవారు మీద ఆగిపోయాయి. గొంతు తగ్గించి, చట్రంతో మాట్లాడుతున్నట్టు అడిగాడు.

“ఉంటడా బావా, పోతడా?”

“ఇంక నలభై కిలోలు తియ్యాలె,” అన్నాడు రాజనర్సు.

ఆగయ్యకు ఆ జవాబు అర్థమైంది. మిగిలిన నవారును ఇంకా బిగించి లాగాడు. ఒక్కో సీటు పదమూడు కిలోల నుంచి ఐదుకు దిగింది.

దసరా దాటింది. మైదానం ఆట ఇంకో వారంలో ఉందనగా, కాంటా మీద తూచినవన్నీ కూడితే నూట ముప్పై కిలోలు అయ్యాయి. రాజనర్సు కొత్త చొక్కా వేసుకుని, అల్లుణ్ని స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టుకుని వేబ్రిడ్జికి పోయాడు. ఎనిమిది వందల ముప్పైలో నూట ముప్పై పోతే ఏడు వందలు. మిషన్ ఏడు వందల పది చూపింది.

దింపి మళ్లీ ఎక్కించారు. ఏడు వందల పది.

“నీ మిషన్ల ఏదో ఫరక్ ఉన్నది,” అని రాజనర్సు ఆపరేటరు మీదికి పోయాడు.

“గిన్నేండ్లు నీ లారీలు తూస్తే రాని ఫరక్ ఇయ్యాల అచ్చిందా సేటు? లారీకి పది కిలోలు ఎక్కువ అచ్చిననాడు నవ్వుకుంట పోయినవ్ గద?”

వేబ్రిడ్జి మీద కూర్చున్నవాళ్లందరూ నవ్వారు. రాజనర్సు డిక్కీ తెరిచి చూశాడు. సీట్ల కింద వంగి చూశాడు. ఏమీ లేదు, భూదేవి పంపిన టిఫిన్ డబ్బా తప్ప. దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఖాళీది. అందులోంచి కోడికూర వాసన వస్తోంది. డబ్బా వైపు చూసి, తల తిప్పి, అల్లుడి చొక్కా గుండీల వైపు చూశాడు. నడుము దగ్గర రెండు గుండీలు తెగిపోవడానికి సిద్ధంగా ఉన్నాయి.

“అల్లుడా, వీసా మెడికల్ల నీ తూకం ఎంత రాసిండ్రు?”

“అరవై తొమ్మిది. ఏం మామా?”

రాజనర్సు అతణ్ని దుకాణానికి తీసుకుపోయి, మక్కల కాంటా ఎక్కించాడు. డెబ్బై తొమ్మిది.

శ్రీలత బస్తాల మీద కూలబడి, కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వింది. “మీరిద్దరు కారుల మక్క గింజలు ఏరుడేంది, అమ్మ డ్రైవరు కడుపుల బియ్యం బస్తా నింపుడేంది!”

కుమార్ కూడా నవ్వాడు. రాజనర్సుకు నవ్వు రాలేదు. అతను ఇంటికి పోయి భూదేవిని నిలదీశాడు. ఆట అయ్యేదాకా అల్లుడికి పొద్దున రాగి అంబలి, సాయంత్రం రెండు పుల్కాలు. అంతకు మించి ఏమీ పెట్టవద్దన్నాడు.

భూదేవి పొయ్యి దగ్గర నుంచి లేచింది. “తిన్న అన్నం తూకం ఏస్తరా ఎవరన్న?”

“పది కిలోలే! నేను రెక్కలు ముక్కలు చేసుకుని తీసింది...”

“నువ్వు తీసేది కారుల తియ్యి. నాకు జెప్పకు.” ఆమె చేతిలోని గరిటె పక్కన పెట్టింది. “మళ్ల పోతే రెండేండ్లు. గక్కడ ఒక రూముల ఎనమండుగురు పంటరట. వంట వంతు అచ్చిననాడు వండుకుంటడు, రానినాడు ఎండిన కుబ్బుస్ రొట్టె నీళ్లల్ల అద్దుకుని తింటడు. నీ మూడు సెకన్లు అయితయో కావో నాకెరుక లేదు. పొయ్యే పిలగాని కడుపుల నాలుగు ముద్దలు ఎక్కువ పెట్టి పంపుదామనుకున్న. తప్పయితే తప్పే.”

రాజనర్సు ముప్పై ఏళ్లలో ఎన్నో బేరాల్లో నోరు మూయించాడు. ఈసారి ఖాళీ టిఫిన్ డబ్బా తెచ్చి ఆమె పక్కన పెట్టాడు. అతను మూడు సెకన్ల మీద నమ్మకం పెట్టుకుని తీస్తూ వచ్చాడు. ఆమె నమ్మకం లేక పెడుతూ వచ్చింది. ఇద్దరి భయమూ ఒకటే.

కుమార్ వాకిట్లో నిలబడి అంతా విన్నాడు. లోపలికి వచ్చి, కాళ్లు మడిచి పీట మీద కూర్చున్నాడు.

“ఆకలైతుంది అత్తమ్మా. పెట్టు.”

భూదేవి కొంగుతో ముక్కు తుడుచుకుని అన్నం వడ్డించింది. శ్రీలత గుమ్మానికి ఆనుకుని నిలబడి అంది:

“నేను తోల్త.”

కుమార్ ముద్ద ఆపాడు. “ఏంది?”

“కారు. నా తూకం నలభై తొమ్మిది. నీకంటే ముప్పై తక్కువ. బాపూ, లెక్క జెప్పు.”

రాజనర్సుకు లెక్క క్షణంలో అందింది. ఏడు వందల పదిలో ముప్పై పోతే ఆరు వందల ఎనభై.

“తూకం సరే,” అన్నాడు కుమార్. “కోన్ల నడుమ తోలుడు రోడ్డు మీద తోలినట్టు గాదు.”

“వానకాలం బుగ్గారం బాటల, పైన ఆరు మూటలు, వెనక మూడు మూటలు, పక్కన బాపు లొల్లి. గుంతలల్ల పడకుంట తెచ్చింది ఎవరు? నువ్వు గప్పుడు షార్జల ఉన్నవ్.”

“సూద్దాం తియ్యి,” అన్నాడు కుమార్. రాజనర్సు ఫోను తీసి జగిత్యాల సేటుకు కలిపాడు. కారు ఎవరు తోలినా ఒకటేనా అని అడిగాడు. సేటు పకపకా నవ్వడం పక్కవాళ్లకు కూడా వినిపించింది. “నాకు కావాల్సింది కారు తిరుగుడు. డ్రైవరును అలక చేసుడు గూడ పనే. తోలమను.”

ఆ వారం మధ్యాహ్నాలు, మార్కెట్ యార్డు ఖాళీగా ఉన్న వేళ, మడిచిన గోనెసంచులు కోన్లుగా పెట్టి శ్రీలత తిప్పింది. కుమార్ పక్కన కూర్చున్నాడు. ఆమె మలుపు దగ్గర ఆలస్యంగా బ్రేకు వేస్తే అరిచేవాడు కాదు. అరచేతిని ముందరి డ్యాష్‌బోర్డు మీద ఆనించేవాడు. ఆమెకు అది చాలేది. చాపలూ తారు పలకలూ లేని కారులో ఒకరి మాట ఒకరికి వినపడాలంటే చెవి దగ్గరికి వంగాలి. నవారు సీట్లలో ఆ రెండు తలలు దగ్గరై, విడిపోయి, మళ్లీ దగ్గరవడం రాజనర్సు షెడ్డు నీడలో నిలబడి చూశాడు. పసుపు బేరానికి వచ్చినవాణ్ని రేపు రమ్మని పంపేశాడు.

ఆట రోజున కుమార్, శ్రీలత కారులో, రాజనర్సు, భూదేవి బస్సులో జగిత్యాల చేరారు. దారి కోసం తెచ్చుకున్న స్టెప్నీని మైదానంలో దించేశారు. ఒక్కో కారుకు రెండు చుట్లు. మొదటి చుట్టులో జెన్ లేడిలా దూకింది కానీ, మూడో మలుపులో వెనక భాగం జారి పక్కకు పోయింది. శ్రీలత తిప్పుకుని వచ్చేసరికి యాభై రెండు సెకన్లు దాటాయి. కావలసింది యాభై ఒకటి.

కుమార్ కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. తరువాత స్టెప్నీని దొర్లించుకుంటూ వచ్చి డిక్కీలో పెట్టి బిగించడం మొదలుపెట్టాడు. రాజనర్సు పరిగెత్తాడు.

“అరే, పదహారు కిలోలు! తీసినదాన్నే మళ్ల పెడ్తవా? పిచ్చి లేసిందా అల్లుడా?”

“ముందట బరువు, తోక అలక అయింది మామా. ఎడ్లబండిల మూటలన్ని ముందటికే పెడితే ఏమైతది?”

“కాడి ఎద్దు మెడను తింటది.”

“గదే. వెనక జర బరువుండాలె. బరువుంటెనే నేలను పట్టుకుంటది.”

తీసిందే లాభం అనుకుని ఇన్నాళ్లు బతికిన రాజనర్సు, పక్కకు జరిగి నిలబడ్డాడు. కుమార్ కిటికీ దగ్గర వంగి శ్రీలత బెల్టు ఒకసారి లాగి చూశాడు. ఆమె గేరు వేసింది.

రెండో చుట్టు. భూదేవి కళ్లు మూసుకుంది. రాజనర్సు మూసుకోలేదు, సరుకు దిగుతున్నప్పుడు కళ్లు మూసే అలవాటు అతనికి లేదు. మూడో మలుపు వచ్చింది. వెనక చక్రాలు నేలను పట్టుకుని జారకుండా తిరిగాయి. చివరి రెండు కోన్ల నడుమ నుంచి జెన్ సూదిలో దారంలా దూరి వచ్చి ఆగింది. గడియారం పట్టుకున్నవాడు గట్టిగా చదివాడు. యాభై పాయింట్ ఎనిమిది సెకన్లు.

శ్రీలత చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి. కుమార్ కిటికీ దగ్గరికి పోయాడు.

“వెనక జారలే గద?”

“జారలే,” అంది ఆమె. అప్పుడు ఏడ్చింది.

సేటు వచ్చి డిక్కీ తెరిచాడు. సీట్లు నొక్కి చూశాడు. తలుపులు తట్టి, పట్టీలు ఉన్నాయని చూసుకుని తలాడించాడు. జేబులోంచి తాళంచెవి తీశాడు. “సోమవారం సంది రా. ముందుగాల్నే చెప్తున్న, నా దగ్గర కోడికూర ఉండది.” ఎవరు చెప్పారో గానీ, సంగతంతా అతని దాకా చేరిపోయింది.

కుమార్ కొంచెం దూరం పోయి ఏజెంటుకు ఫోన్ చేశాడు. టికెట్ చేయవద్దనడం రాజనర్సుకు వినిపించింది. ఆ తరువాత సిరిసిల్లకు చేశాడు. అవతల సాంచాల చప్పుడు ఒక్కసారిగా ఆగడం కూడా వినిపించింది.

పిల్లలిద్దరూ కారులో ముందు పోయారు. కోరుట్ల బస్సులో కిటికీ పక్కన కూర్చున్న భూదేవి, టికెట్లు మడిచి జేబులో పెట్టుకుంటున్న భర్తను మోచేత్తో పొడిచింది.

“గిప్పుడు జెప్పు నీ లెక్క.”

రాజనర్సు వేళ్లు మడిచాడు. “కారుల తీసినయి నూట ముప్పై. మళ్ల పెట్టినయి పదహారు. ఏసీ పాయె, క్యారియర్ పాయె. ఇంక మక్కల మూటలకు ఆటో మాట్లాడుకోవాలె. డ్రైవరు గూడ పోయినట్టే. బిడ్డ మొగనితోటి జగిత్యాల షెడ్డుకు తనూ పోతనంటున్నది.”

“పోయినయే చెప్తవేంది? అచ్చింది జెప్పు.”

అతను కిటికీలోంచి బయటికి చూశాడు. ముందు ఎక్కడో, మలుపు దగ్గర, జెన్ వెనక దీపాలు కనిపించి మాయమయ్యాయి.

“అల్లుడు ఒక్కడు,” అన్నాడు. “పొద్దుగాల పోయి, పొద్దూకితే ఇంటికి అచ్చేటోడు. డెబ్బై తొమ్మిది కిలోలు.”

“ఎనభై అనుకో,” అంది భూదేవి. “ఇయ్యాల మటన్ వండిపెట్టి అచ్చిన.”

రాజనర్సు ఎనభై అనే వేసుకున్నాడు.